రీమ్యాప్ చేయించిన కారు.. లోపల ఇంజిన్ ఎలా ఉంది? గాలి-పెట్రోల్ లెక్క, సెన్సార్ రీడింగ్‌లు చూస్తే తెలిసిపోతుంది

పికప్ పెరగాలని ఈసీయూ రీమ్యాప్, గాలి బాగా లాగాలని కోన్ ఫిల్టర్, సౌండ్ కోసం ఫ్రీ ఫ్లో సైలెన్సర్. టర్బో పెట్రోల్ కార్లు పెరిగాక ఇలాంటి మార్పులు కూడా బాగా పెరిగాయి. మార్పులు చేయించిన రోజు కారు దూసుకుపోతుంది. అసలు పరీక్ష ఆ తర్వాతే మొదలవుతుంది. మండే ఎండలో, ఫుల్ లోడ్‌తో, ఘాట్ రోడ్డు ఎక్కేటప్పుడు ఇంజిన్‌లోకి వెళ్లే గాలి, పెట్రోల్ లెక్క తప్పితే పిస్టన్ కరగడానికి ఎక్కువ సమయం పట్టదు. బయటికి మాత్రం ఏ తేడా కనిపించకపోవచ్చు. చెక్ ఇంజిన్ లైట్ వెలిగేసరికి ఇంజిన్ బోరుకు వచ్చి ఉండొచ్చు. అందుకే మార్పులు చేసిన కారులో ఏ రీడింగ్ చూడాలి, ఎంత ఉండాలి, ఎప్పుడు భయపడాలి అన్నది ఓనర్‌కు తెలిసి ఉండాలి.

అసలు 14.7 అంటే ఏంటి?

ఒక కిలో పెట్రోల్ పూర్తిగా మండాలంటే సుమారు 14.7 కిలోల గాలి కావాలి. ఈ నిష్పత్తినే ఎయిర్ ఫ్యూయల్ రేషియో, షార్ట్‌గా ఏఎఫ్ఆర్ అంటారు. గాలి ఇంతకంటే ఎక్కువైతే లీన్ మిశ్రమం, పెట్రోల్ ఎక్కువైతే రిచ్ మిశ్రమం.

ఇదే విషయాన్ని లాంబ్డా అనే అంకెతో కూడా చెబుతారు. ఇంజిన్‌లో ఉన్న నిష్పత్తిని, ఆ ఇంధనానికి ఉండాల్సిన నిష్పత్తితో భాగిస్తే వచ్చేదే లాంబ్డా. సరిగ్గా సరిపోతే 1. ఒకటి దాటితే లీన్, ఒకటి కంటే తక్కువైతే రిచ్. ఏ ఇంధనం పోసినా లాంబ్డా 1 అంటే అర్థం ఒక్కటే. కాబట్టి మెకానిక్‌తో మాట్లాడేటప్పుడు లాంబ్డాలో మాట్లాడుకుంటే గందరగోళం ఉండదు.

ఐడిల్‌లో, మామూలు స్పీడ్‌లో వెళ్తున్నప్పుడు ఈసీయూ లాంబ్డాను 1 దగ్గరే ఉంచుతుంది. దీనికి కారణం సైలెన్సర్ లైన్‌లో ఉండే క్యాటలిటిక్ కన్వర్టర్. కార్బన్ మోనాక్సైడ్, మండని హైడ్రోకార్బన్లు, నైట్రోజన్ ఆక్సైడ్లు.. ఈ మూడింటినీ ఒకేసారి శుభ్రం చేయాలంటే మిశ్రమం 1కి చాలా దగ్గరగా ఉండాలి. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినప్పుడు మాత్రం లెక్క మారుతుంది. టర్బో లేని ఇంజిన్లలో 0.85 నుంచి 0.90, టర్బో ఇంజిన్లలో 0.78 నుంచి 0.85 మధ్య ట్యూన్ చేయడం పరిపాటి.

లీన్ ప్రమాదమా? రిచ్ ప్రమాదమా?

రెండూ ప్రమాదమే, కానీ ఒకేలా కాదు. ఫుల్ లోడ్‌లో ఇచ్చే అదనపు పెట్రోల్ సిలిండర్ లోపల ఆవిరవుతూ వేడిని లాగేస్తుంది. నాకింగ్‌ను అదుపులో ఉంచుతుంది. అది అందకపోతే వేడి, పీడనం రెండూ పెరుగుతాయి. స్పార్క్ ప్లగ్ అంటించిన మంట చేరకముందే మిగిలిన మిశ్రమం తనంతట తానే పేలిపోతుంది. నాకింగ్ అంటే ఇదే. పిస్టన్ రింగుల మధ్య గట్లు విరగడం, పిస్టన్ తలకు రంధ్రం పడటం దీని ఫలితాలే.

రిచ్ అయితే నష్టం మెల్లగా వస్తుంది. ముందు మైలేజ్ పడిపోతుంది. తర్వాత సైలెన్సర్ నుంచి నల్ల పొగ, పెట్రోల్ వాసన. ప్లగ్‌లపై మసి పడుతుంది. సిలిండర్ గోడలపై ఉండే ఆయిల్ పొరను పెట్రోల్ కడిగేస్తుంది, ఇంజిన్ ఆయిల్ పల్చబడుతుంది. మండని పెట్రోల్ క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి వెళ్లి అక్కడ మండితే అది కరిగి మూసుకుపోతుంది.

నెమ్మదిగా వెళ్తున్నప్పుడు మిశ్రమం కాస్త లీన్ అయితే కొంప మునిగిపోదు. టర్బో పూర్తి బూస్ట్‌లో ఉన్నప్పుడు లీన్ అయితేనే అసలు ముప్పు. రీడింగ్ ఎంత అన్నదానితో పాటు ఏ లోడ్‌లో వచ్చిందన్నది కూడా చూడాల్సిందే.

ఈ20 పెట్రోల్‌తో మారిన లెక్క

ఇప్పుడు బంకుల్లో దొరుకుతున్న ఈ20 పెట్రోల్‌లో 20 శాతం ఇథనాల్ ఉంటుంది. ఇథనాల్‌లోనే కొంత ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి ఒక కిలో మండటానికి 9 కిలోల గాలి చాలు. ఈ రెండూ కలిసిన ఈ20కి సరైన నిష్పత్తి సుమారు 13.5.

అయితే మార్కెట్‌లో దొరికే చాలా గేజ్‌లు లోపల లాంబ్డాను కొలిచి, దాన్ని 14.7తో గుణించి స్క్రీన్‌పై చూపిస్తాయి. ట్యాంకులో ఈ20 ఉన్నా లాంబ్డా 1 అయితే గేజ్‌పై 14.7 అనే కనిపిస్తుంది. గేజ్‌పై 12.5 ఉందంటే లాంబ్డా 0.85. ఈ20లో అసలు నిష్పత్తి దాదాపు 11.5. ఇది తెలియక గేజ్‌లో 13.5 రావాలని ట్యూన్ మార్పిస్తే ఇంజిన్ అనవసరంగా రిచ్‌లో నడుస్తుంది.

పాత పెట్రోల్‌కు ట్యూన్ చేసిన కారులో ఈ20 పోస్తే అదే ఇంజెక్టర్ టైమ్‌కు మిశ్రమం లీన్ వైపు జరుగుతుంది. మామూలు డ్రైవింగ్‌లో ఆక్సిజన్ సెన్సార్ చూసి ఈసీయూ సరిచేసుకుంటుంది. ఫుల్ థ్రాటిల్‌లో ఆ సవరణ ఎంతవరకు అందుతుందన్నది ఆ కారు ఈసీయూ మీద ఆధారపడి ఉంటుంది. రీమ్యాప్ చేయించేటప్పుడు ట్యాంకులో ఏ ఇంధనం ఉందో, రోజూ అదే పోయించాలి.

కారులో ఉన్న ఆక్సిజన్ సెన్సార్ సరిపోదా?

కంపెనీ నుంచి వచ్చే ఆక్సిజన్ సెన్సార్లలో రెండు రకాలున్నాయి. బాష్ కంపెనీ తయారు చేసిన లాంబ్డా సెన్సార్ 1976లో తొలిసారి వోల్వో కార్లలో వచ్చింది. ఇది న్యారోబ్యాండ్ రకం. మిశ్రమం లీన్ అయితే 0.1 వోల్ట్, రిచ్ అయితే 0.9 వోల్ట్ దగ్గర సిగ్నల్ ఇస్తుంది. మధ్యలో 0.45 దగ్గర ఉంటే లాంబ్డా 1. అంటే ఇది స్విచ్ లాంటిది. రిచ్ అని చెబుతుంది కానీ ఎంత రిచ్ అన్నది కచ్చితంగా చెప్పలేదు. లాంబ్డా 0.85 ఉన్నా 0.75 ఉన్నా వోల్టేజ్‌లో తేడా చాలా స్వల్పం.

రెండోది వైడ్‌బ్యాండ్. ఇందులో చిన్న గదిలోకి ఆక్సిజన్‌ను పంప్ చేస్తూ, లేదా బయటికి తోడుతూ, లోపల ఎప్పుడూ లాంబ్డా 1 ఉండేలా చూస్తారు. అందుకు ఎంత కరెంట్ పట్టిందో చూసి మిశ్రమం ఎంతో లెక్కగడతారు. చాలా కొత్త కార్లలో క్యాటలిటిక్ కన్వర్టర్‌కు ముందు ఈ రకం సెన్సారే వస్తోంది. అలాంటి కారైతే ఓబీడీ స్కానర్‌లోనే లాంబ్డా రీడింగ్ చూడొచ్చు. న్యారోబ్యాండ్ ఉన్న కారులో టర్బో, ఇంజెక్టర్లు, మ్యాప్ మార్చితే విడిగా వైడ్‌బ్యాండ్ గేజ్ పెట్టించుకోవడం తప్పనిసరి అనుకోవాలి. వీటిలో ఎక్కువగా బాష్ ఎల్‌ఎస్‌యూ 4.9 సెన్సార్ వాడతారు.

వైడ్‌బ్యాండ్ బిగించేటప్పుడు ఇవి చూసుకోవాలి

- సెన్సార్‌ను టర్బో తర్వాత, క్యాటలిటిక్ కన్వర్టర్‌కు ముందు పెట్టాలి. టర్బోకు ముందు పెడితే వేడికి, పీడనానికి రీడింగ్ తప్పుతుంది, సెన్సార్ త్వరగా పోతుంది.

- పైపును గడియారంలా ఊహించుకుంటే 10 గంటల నుంచి 2 గంటల మధ్య, పై భాగంలో బిగించాలి. కింద బిగిస్తే పైపులో చేరిన నీటి చుక్కలు తగిలి లోపలి సిరామిక్ పగులుతుంది.

- సెన్సార్ పైపులో ఉండగా దాని హీటర్‌కు కరెంట్ లేకుండా ఇంజిన్ నడపకూడదు. మసి పట్టి పాడవుతుంది.

- సెన్సార్ దగ్గర మామూలు సిలికాన్ సీలెంట్ వాడొద్దు. సిలికాన్, కూలెంట్, ఇంజిన్ ఆయిల్ పొగ.. ఇవన్నీ సెన్సార్‌కు విషం లాంటివే.

గేజ్ కూడా అబద్ధం చెబుతుంది!

వైడ్‌బ్యాండ్ పెట్రోల్‌ను కొలవదు. పొగలో మిగిలిన ఆక్సిజన్‌ను చూసి లెక్క చెబుతుంది. ఇది మర్చిపోతేనే తప్పులు జరుగుతాయి.

మొదటిది మిస్సింగ్. ఒక సిలిండర్‌లో ప్లగ్ సరిగా మండకపోతే అందులోని గాలి, పెట్రోల్ రెండూ మండకుండా బయటికి వస్తాయి. సెన్సార్‌కు ఆ ఆక్సిజన్ కనిపించి లీన్ అని చూపిస్తుంది. అది నమ్మి పెట్రోల్ పెంచితే మిస్సింగ్ మరింత పెరుగుతుంది. ముందు ప్లగ్‌లు, కాయిల్స్ చూడాలి.

రెండోది సైలెన్సర్ లీక్. సెన్సార్‌కు ముందు జాయింట్‌లో సందు ఉంటే బయటి గాలి లోపలికి వచ్చి లీన్ అని చూపిస్తుంది. ఐడిల్‌లో ఈ తేడా ఎక్కువగా ఉంటుంది.

మూడోది అసలు తప్పే కాదు. గేర్‌లో ఉండగా యాక్సిలరేటర్ వదిలేస్తే ఈసీయూ పెట్రోల్ పూర్తిగా ఆపేస్తుంది. అప్పుడు గేజ్ లీన్ చివరికి వెళ్లిపోతుంది. కొత్తగా గేజ్ పెట్టించుకున్నవాళ్లు దీన్ని చూసి కంగారు పడుతుంటారు. ఇది మామూలే.

ఇక నాలుగు సిలిండర్ల పొగ కలిసిన చోట సెన్సార్ ఉంటుంది కాబట్టి అది చూపేది సగటు మాత్రమే. ఒక ఇంజెక్టర్ మూసుకుపోయి ఆ సిలిండర్ ఒక్కటే లీన్ అయినా సగటు బాగానే కనిపించొచ్చు. అప్పుడప్పుడు ప్లగ్‌లు విప్పి నాలుగింటి రంగూ ఒకేలా ఉందా లేదా చూడటం ఇప్పటికీ పనికొచ్చే పద్ధతే.

ఫ్యూయల్ ట్రిమ్.. ఖర్చు లేని పరీక్ష

స్టీరింగ్ కింద ఉండే 16 పిన్‌ల ఓబీడీ పోర్ట్‌కు చిన్న బ్లూటూత్ స్కానర్ పెట్టి, ఫోన్‌లో యాప్ వేసుకుంటే ఫ్యూయల్ ట్రిమ్ అనే రెండు రీడింగ్‌లు కనిపిస్తాయి. మ్యాప్‌లో రాసిన పెట్రోల్‌కు ఈసీయూ ఎంత శాతం కలుపుతోంది, ఎంత తగ్గిస్తోంది అన్నదే ట్రిమ్. షార్ట్ టర్మ్ ట్రిమ్ క్షణక్షణం మారుతుంది. లాంగ్ టర్మ్ ట్రిమ్ అంటే ఈసీయూ నేర్చుకుని గుర్తుపెట్టుకున్న సవరణ.

రెండింటినీ కూడితే ప్లస్ లేదా మైనస్ 5 శాతం లోపు ఉంటే చాలా మంచిది. 10 దాటితే కారణం వెతకాలి. 20, 25 వరకు వెళ్తే చాలా కార్లలో చెక్ ఇంజిన్ లైట్ వెలుగుతుంది. ఎక్కడ తప్పుందో ఇలా పసిగట్టొచ్చు.

- ఐడిల్‌లో ప్లస్ 15, 2500 ఆర్‌పీఎం దగ్గర ప్లస్ 2 ఉంటే వాక్యూమ్ లీక్. ఎక్కడో పైపు ఊడటమో, చిట్లడమో జరిగింది. ఐడిల్‌లో ఇంజిన్ లాగే గాలి తక్కువ కాబట్టి లీక్ ప్రభావం అక్కడే ఎక్కువ.

- ఐడిల్‌లో బాగుండి, లోడ్ పెరిగేకొద్దీ ప్లస్‌లోకి పోతుంటే ఫ్యూయల్ పంప్, ఫిల్టర్ లేదా గాలిని కొలిచే సెన్సార్ మీద అనుమానపడాలి. టర్బో కారుకు అత్యంత ప్రమాదకరమైన లక్షణం ఇదే.

- అన్ని చోట్లా మైనస్ ఉంటే ఇంజెక్టర్ కారడం, పెట్రోల్ ప్రెషర్ ఎక్కువ కావడం, పర్జ్ వాల్వ్ తెరుచుకుని ఉండిపోవడం లాంటివి చూడాలి.

మార్పులు చేయించే ముందు ఒకసారి ఈ రీడింగ్‌లు రాసిపెట్టుకుంటే తర్వాత పోల్చుకోవడానికి బాగా ఉపయోగపడతాయి.

మిగతా సెన్సార్లు ఏం చెబుతాయి?

మాస్ ఎయిర్ ఫ్లో సెన్సార్: సన్నటి వేడి తీగను గాలి ఎంత చల్లబరుస్తోందో చూసి గాలి బరువు చెబుతుంది. ఆయిల్ పూసి వాడే కోన్ ఫిల్టర్‌కు ఆయిల్ ఎక్కువైతే అది ఈ తీగపై చేరి రీడింగ్ తగ్గిపోతుంది. సెన్సార్ ఉన్న పైపును లావుగా మార్చినా ఇదే సమస్య. గాలి వేగం తగ్గి సెన్సార్ తక్కువ చూపిస్తుంది, ఈసీయూ తక్కువ పెట్రోల్ ఇస్తుంది, మిశ్రమం లీన్ అవుతుంది. గాలి పైపు మారిస్తే మ్యాప్ కూడా మార్చాలనడానికి కారణం ఇదే.

మ్యాప్ సెన్సార్: మానిఫోల్డ్‌లో పీడనం చెబుతుంది. ఇది సరిగ్గా ఉందో లేదో ఇంటి దగ్గరే తెలుసుకోవచ్చు. ఇంజిన్ స్టార్ట్ చేయకుండా కీ ఆన్ చేస్తే బయటి వాతావరణ పీడనం చూపించాలి. విశాఖలో అయితే సుమారు 100 కిలోపాస్కల్స్, ఎత్తులో ఉన్న హైదరాబాద్‌లో సుమారు 95. దీనికి చాలా దూరంగా ఉంటే సెన్సార్ మీద అనుమానపడాలి. వేడెక్కిన ఇంజిన్ ఐడిల్‌లో సాధారణంగా 30 నుంచి 40 మధ్య ఉంటుంది.

ఇన్‌టేక్ ఎయిర్ టెంపరేచర్: గాలి 10 డిగ్రీలు వేడెక్కితే దాని సాంద్రత దాదాపు 3 శాతం తగ్గుతుంది. రామగుండం, రెంటచింతల లాంటి చోట్ల మే నెల ఎండలో బయటే 45 డిగ్రీలు ఉంటే, ట్రాఫిక్‌లో ఆగిన కారు బానెట్ కింద గాలి ఇంకా వేడిగా ఉంటుంది. వేడి గాలితో పవర్ తగ్గడమే కాదు, నాకింగ్ కూడా పెరుగుతుంది. జనవరి ఉదయం చల్లటి వాతావరణంలో చేసిన ట్యూన్ మే మధ్యాహ్నం నిలబడుతుందా అన్నది ఈ రీడింగ్‌తోనే తెలుస్తుంది. ఇంజిన్ వేడిలో ఉండే ఓపెన్ కోన్ ఫిల్టర్ కంటే కంపెనీ ఇచ్చిన ఎయిర్ బాక్సే చల్లటి గాలి లాగుతున్న సందర్భాలు చాలానే ఉంటాయి.

కూలెంట్ టెంపరేచర్: చాలా కార్లలో 85 నుంచి 105 డిగ్రీల మధ్య ఉంటుంది. స్కానర్‌లో మైనస్ 40 కనిపిస్తే వైర్ తెగిందనో, కనెక్టర్ ఊడిందనో అర్థం. ఇంజిన్ చల్లగా ఉందని పొరబడిన ఈసీయూ ఎక్కువ పెట్రోల్ ఇవ్వొచ్చు. తెల్లవారుజామున స్టార్ట్ చేయకముందు కూలెంట్, ఇన్‌టేక్ గాలి ఉష్ణోగ్రతలు రెండూ దాదాపు ఒకేలా ఉంటే సెన్సార్లు బాగున్నట్టే.

నాక్ సెన్సార్: ఇంజిన్ బ్లాక్‌కు బిగించిన చిన్న మైక్ లాంటిది. నాకింగ్ చప్పుడు సాధారణంగా 6 నుంచి 8 కిలోహెర్ట్జ్ ప్రాంతంలో ఉంటుంది. అది వినగానే ఈసీయూ స్పార్క్ టైమింగ్‌ను వెనక్కి లాగుతుంది. పెద్ద సౌండ్ సిస్టమ్, ఫ్రీ ఫ్లో సైలెన్సర్ ఉన్న కారులో డ్రైవర్ చెవికి ఈ చప్పుడు వినిపించదు. అందుకే లాగ్‌లో స్పార్క్ టైమింగ్ కూడా చూడాలి. ఫుల్ థ్రాటిల్‌లో టైమింగ్ ఒక్కసారిగా పడిపోతుంటే ఆ మ్యాప్ ఆ పెట్రోల్‌కు ఎక్కువైందనే అర్థం. ఎక్కువ ఆక్టేన్‌కు చేసిన ట్యూన్‌లో అంతకంటే తక్కువ ఆక్టేన్ పెట్రోల్ పోస్తే జరిగేది ఇదే.

సీఎన్‌జీ కిట్ పెట్టించినవాళ్లకూ ఇదే సూత్రం

కారులో మార్పు అంటే స్పీడ్ కోసమే కానక్కర్లేదు. బయట సీఎన్‌జీ కిట్ పెట్టించడం కూడా మార్పే. సీఎన్‌జీకి సరైన నిష్పత్తి దాదాపు 17.2. సీక్వెన్షియల్ కిట్‌లో గ్యాస్ ఈసీయూ, పెట్రోల్ ఈసీయూ ఇచ్చే ఇంజెక్టర్ టైమ్‌ను తీసుకుని గ్యాస్‌కు తగ్గట్టు మార్చుకుంటుంది.

గ్యాస్ మ్యాప్ సరిగా లేకపోతే పెట్రోల్ ఈసీయూ తన ట్రిమ్‌లను తప్పుగా నేర్చుకుంటుంది. తర్వాత పెట్రోల్‌కు మార్చినప్పుడు ఇంజిన్ వణకడం, స్టార్టింగ్ ట్రబుల్ మొదలవుతాయి. కిట్ బిగించాక ముందు పెట్రోల్‌పై, తర్వాత గ్యాస్‌పై నడిపి రెండింటిలోనూ ట్రిమ్ చూపించమని అడగాలి. తేడా తక్కువగా ఉంటేనే ట్యూనింగ్ సరిగ్గా జరిగినట్టు. సిలిండర్‌కు మూడేళ్లకోసారి హైడ్రో టెస్ట్ కూడా తప్పనిసరి.

లాగ్ తీయడం ఎలా?

డ్రైవ్ చేస్తూ ఫోన్ స్క్రీన్ చూడటం ప్రాణాలతో చెలగాటమే. ఫుల్ థ్రాటిల్ పరీక్షలు డైనో మీదో, రేస్ ట్రాక్‌లోనో చేయాలి. రోడ్డు మీద అయితే మామూలు డ్రైవింగ్‌లో యాప్‌ను రికార్డింగ్‌లో పెట్టి, ఇంటికొచ్చాక చూసుకోవాలి.

చవక బ్లూటూత్ స్కానర్లు సెకనుకు కొన్ని రీడింగ్‌లే తీయగలవు. ఇరవై రీడింగ్‌లు ఒకేసారి ఎంచుకుంటే ఒక్కోటి ఎప్పుడో గానీ అప్‌డేట్ కాదు. ఆర్‌పీఎం, బూస్ట్, లాంబ్డా, స్పార్క్ టైమింగ్, ఇన్‌టేక్ ఉష్ణోగ్రత.. ఈ ఐదు చాలు. డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజిన్ అయితే ఫ్యూయల్ రైల్ ప్రెషర్ కూడా చేర్చాలి.

టర్బో కారులో ఫుల్ బూస్ట్‌లో ఉండగా లాంబ్డా 0.90 దాటి పైకి వెళ్తుంటే, ట్యూనర్ ఇచ్చిన టార్గెట్ కూడా అది కాకపోతే, వెంటనే యాక్సిలరేటర్ వదిలేయాలి. ఇంకోసారి తొక్కి చూద్దాం అనుకోకూడదు. కారణం తెలిసేవరకు ఫుల్ థ్రాటిల్ జోలికి వెళ్లకపోవడమే మంచిది.

తరచూ కనిపించే కోడ్‌లు ఇవీ

- పీ0171: మిశ్రమం లీన్
- పీ0172: మిశ్రమం రిచ్
- పీ0300: ఏదో ఒక సిలిండర్ అని కాకుండా మిస్సింగ్
- పీ0301 నుంచి పీ0304: వరుసగా 1 నుంచి 4 సిలిండర్లలో మిస్సింగ్
- పీ0325: నాక్ సెన్సార్ సర్క్యూట్‌లో లోపం
- పీ0420: క్యాటలిటిక్ కన్వర్టర్ సరిగా పనిచేయడం లేదు

కోడ్ వచ్చిందంటే ఆ పార్ట్ మార్చేయాలని కాదు. పీ0171 వస్తే ఆక్సిజన్ సెన్సార్ మార్చడం చాలాసార్లు డబ్బు దండగే. లీన్ అని అది నిజం చెబుతుండొచ్చు. చెక్ ఇంజిన్ లైట్ మెల్లగా కాకుండా టపటపా కొట్టుకుంటుంటే మాత్రం మిస్సింగ్ తీవ్రంగా ఉందని, క్యాటలిటిక్ కన్వర్టర్ పాడవుతోందని అర్థం. స్పీడ్ తగ్గించి కారు పక్కకు ఆపాలి. కొన్ని చోట్ల రీమ్యాప్‌తో పాటు ఈ కోడ్‌లను సాఫ్ట్‌వేర్‌లోనే మూసేస్తుంటారు. లైట్ వెలగదు కానీ లోపం అలాగే ఉంటుంది. రీమ్యాప్‌కు ముందే కోడ్‌లు ఏవీ ఆఫ్ చేయొద్దని గట్టిగా చెప్పాలి.

చట్టం ఏం చెబుతోంది?

మోటారు వాహనాల చట్టం 1988లోని సెక్షన్ 52 ప్రకారం, ఆర్సీలో ఉన్న వివరాలు కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్‌కు భిన్నంగా మారేలా వాహనంలో మార్పులు చేయకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే స్పష్టం చేసింది. అదే ఏడాది వచ్చిన సవరణతో చేరిన సెక్షన్ 182ఏ ప్రకారం, అనుమతి లేని మార్పు చేసిన ఓనర్‌కు ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకు రూ.5000 జరిమానా, లేదా రెండూ పడొచ్చు. పొగ, శబ్దం పరిమితి దాటితే సెక్షన్ 190 కింద విడిగా చర్యలుంటాయి. ఆమోదం పొందిన సీఎన్‌జీ కిట్‌ను అనుమతితో పెట్టించుకుని ఆర్సీలో ఎక్కించుకోవచ్చు.

మార్పుల తర్వాత కంపెనీ వారంటీ, ఇన్సూరెన్స్ క్లెయిమ్‌ల విషయంలోనూ చిక్కులు రావచ్చు. క్యాటలిటిక్ కన్వర్టర్ తీసేస్తే ఆ విషపు పొగ పీల్చేది వెనక బైక్‌పై వచ్చేవాళ్లే అన్నది కూడా గుర్తుంచుకోవాలి.

ఏ మార్పూ చేయని కారుకు కూడా ఈ రీడింగ్‌లు పనికొస్తాయి. నెలకోసారి ఇంజిన్ వేడెక్కాక ఐడిల్‌లో, 2500 ఆర్‌పీఎం దగ్గర ట్రిమ్ రాసుకుంటే చాలు. గత నెల ప్లస్ 3 ఉన్నది ఈ నెల ప్లస్ 9కి వచ్చిందంటే, లైట్ వెలగకముందే కారును షెడ్డుకు తీసుకెళ్లొచ్చు. అప్పుడైతే పైపు మార్చే ఖర్చుతో పోతుంది. ఆలస్యం చేస్తే ఇంజిన్ పని చేయించాల్సి వస్తుంది.